నూట పన్నెండో ప్రశ్న

సైకిలుకి సిరాబుడ్డి సంచి తగిలించుకుని
డార్ట్‌మూర్ జల్లులో ఏడు మైళ్లు తొక్కి
జాబెజ్ ఎండకాట్ గుమ్మంలో
నీళ్లు కార్చుకుంటూ నిలబడ్డాను.
నా దగ్గర మూడువందల నలభై ప్రశ్నలున్నాయి.
ఆయన దగ్గర ఓ చెవిటి కుక్క, మసిపట్టిన కెటిల్,
ఎనభై ఒక్కేళ్ల నాలుక.

"మాటలు ఏరుకోడానికొచ్చావా?
బంగాళాదుంపలు ఏరడానికొచ్చుంటే కూలిచ్చేవాణ్ణి"
అంటూనే కుర్చీలోంచి పిల్లిని దించాడు.

నిబంధన ఒక్కటే. మాట నేను అందించకూడదు.
పొడుపుకథలా చుట్టూ తిప్పి అడగాలి.

పొద్దు వాలింది, దీపం ఇంకా పెట్టలేదు,
ఆ వేళనేమంటారు?
"డింప్సీ. నూనె దుబారా అని మా అమ్మ
మమ్మల్ని డింప్సీలోనే కూర్చోబెట్టేది.
ఎవరి మొహం ఎవరికీ ఆనదు గనక
ఉన్న నిజాలన్నీ అప్పుడే చెప్పుకునేవాళ్లం."
గడిలో రాసుకున్నాను: మునిమాపు.
నిజాల సంగతి రాయడానికి గడి లేదు.

రాలిన ఆపిల్‌లో దూరి, పులిసిన రసం తాగి
గోడకి గుద్దుకునే కందిరీగ?
"ఆపిల్‌డ్రేన్. మా బావమరిది శాంప్సన్ కూడా.
వాడు గుద్దుకునేది మా తలుపుకి."

ఈతలో ఆఖరి పందిపిల్ల, బతుకుతుందో లేదో తెలియనిది?
"నెసిల్‌డ్రాఫ్. నేనూ అదే, తొమ్మిదోవాణ్ణి.
దొడ్లో ఒకటుంది, పాలసీసా పట్టి సాకుతున్నా."

కడుపు కాలుతుంటే?
"లియరీ. సరుకు దించేసిన బండీ లియరీయే."
కాసేపాగి, "ఇల్లు కూడా" అన్నాడు.

రేపు కాక ఆ పైరోజుని?
"రేపటి తర్వాతి రోజు" అన్నాడు,
అందరిలాగే, రేడియోలాగే.
ఎల్లుండిని పారేసుకున్న భాష నాది.
పాత నిఘంటువులో ఉంది ఓవర్‌మారో అని,
ఎన్ని తరాలైందో ఎవరి నోరూ తగలక.
ఆపుకోలేక చెప్పేశాను.
ఆయన దాన్ని బుగ్గన పెట్టుకుని చప్పరించాడు.
"రేపు మీద కప్పిన ఇంకో రేపు. బాగుంది.
కానీ ఎవరితో అనను?
ఎప్పుడు, ఎప్పుడు అని అడిగేవాళ్లు ఇంట్లో ఉండాలిగా."

నూట పన్నెండు.
సగం కరిగిన మంచు రాత్రికి మళ్లీ బిగుసుకుని
తెల్లారేసరికి రెమ్మరెమ్మకీ గాజు తొడిగినట్టు
ఎండలో తళతళలాడుతుందే, దాన్నేమంటారు?

కెటిల్ మరిగి మరిగి మూత ఎగరేసింది.
ఆయన లేవలేదు.
"అది కెజియా మాట" అన్నాడు.
ఏమిటా మాట?
"ఆమె అనేది, నేను వినేవాణ్ణి.
నలభై ఆరు చలికాలాలు కిటికీ దగ్గర్నుంచి కేకేసేది,
వచ్చి చూడూ అని.
నేను బూట్లు తొడుక్కునేలోపు కరిగిపోయేది."
కిటికీ వైపు చూశాడు. బయట వట్టి వాన.
"నా నోటితో ఒక్కసారీ అనలేదు.
ఇప్పుడు తడుముకుంటే తగలట్లేదు."

నాకు తెలుసు ఆ మాట.
కిందటి వారం పక్క ఊరి కమ్మరి చెప్పాడు.
అమిల్.
నోట్‌బుక్కు ముప్పై ఒకటో పేజీలో
మడత పెట్టి మరీ ఉంది.
ఎల్లుండిని అందించిన నోటికి
ఇది ఎందుకు రాలేదో ఇప్పటికీ చెప్పలేను.
నిబంధన అని మాత్రం కాదు.
గడి ఖాళీగా వదిలి
నూట పదమూడు అడిగాను, చీమ గురించి.

సైకిలెక్కి గేటు దాటాక వెనకనుంచి కేక:
"ఓవర్‌మారో రా అమ్మాయ్!
పందిపిల్లని చూపిస్తా!"
తడి చేతులతో అక్కడే సైకిలు ఆపి
వాడుకలో ఉంది, అని తేదీ వేసి రాశాను.

ఆఫీసులో మా పెద్దాయన ఎర్రసిరాతో కొట్టేశాడు.
అందించిన మాట, చెల్లదు.
నూట పన్నెండు పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.
అదింకా అలాగే ఉంది.

ఎల్లుండి వెళ్లాను.
పందిపిల్ల లేచి నిలబడింది,
నా బూటు లేసు నమలబోయింది.